నెర్న్‌స్ట్ కారుకి లేని మీటర్

ఇంటర్ సెకండియర్‌లో ఎలక్ట్రోకెమిస్ట్రీ చదివిన వాళ్ళందరికీ నెర్న్‌స్ట్ తెలుసు. తెలుసంటే మనిషి కాదు, ఈక్వేషన్. ఆర్‌టీ బై ఎన్‌ఎఫ్, పక్కన లాగ్, సబ్‌స్టిట్యూట్ చేస్తే వచ్చే 0.059. ఎంసెట్ రాసి వచ్చిన సాయంత్రమే దాన్ని మనలో చాలామంది మర్చిపోయి ఉంటారు. ముఖ్యంగా మా సీఎస్‌ఈ వాళ్ళు.

కానీ మన హాస్టల్ పార్కింగ్‌లో ఉన్న బీఎస్6 బైకుల దగ్గర ఒకసారి వంగి చూడండి. ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కి వెళ్ళే గొట్టానికి బోల్టు లాంటిది ఒకటి బిగించి, దాని వెనక నుంచి వైరు వస్తూ కనిపిస్తుంది. అది ఆక్సిజన్ సెన్సార్. బండి నడుస్తున్నంతసేపూ ఆ బోల్టులో నెర్న్‌స్ట్ ఈక్వేషన్ పని చేస్తూనే ఉంటుంది. ఇంజిన్‌ని మార్పించుకుని పవర్ పెంచుకునే కార్ల వాళ్ళు డ్యాష్‌బోర్డ్ మీద ఏఎఫ్‌ఆర్ గేజ్ అని ఒకటి పెట్టుకుంటారు. గాలికి, పెట్రోల్‌కి మధ్య నిష్పత్తి చూపించే మీటర్ అది. దాని ముల్లు కదిలేది కూడా ఈయన లెక్క మీదే.

దీని గురించి చదువుతుంటే నన్ను ఆపేసిన విషయం ఇంకొకటి ఉంది. వాల్టర్ నెర్న్‌స్ట్‌కి కార్ల పిచ్చి. అదీ మామూలు పిచ్చి కాదు, జీవితం మొత్తంలో 18 కార్లు కొన్నాడు. పవర్ సరిపోక, ఇంజిన్‌కి నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్ పట్టించాడు. అలాంటి పని చేసేవాడికి ఏఎఫ్‌ఆర్ గేజ్ లేకపోతే ఇంజిన్ దక్కడం కష్టం. ఆ గేజ్‌కి కావాల్సిన రెండు ముఖ్యమైన ముక్కలూ అప్పటికే ఆయన దగ్గరే ఉన్నాయి. ఒకటి ఆయన రాసిన ఈక్వేషన్, రెండోది ఆయన చేసిన సిరామిక్. రెండూ కలిసి మీటర్ అయ్యేనాటికి ఆయన లేడు.

ఆయన పుట్టింది 1864 జూన్ 25న, బ్రీజెన్ అనే చిన్న ఊళ్ళో. అప్పుడది పశ్చిమ ప్రష్యా, ఇప్పుడు పోలండ్. తండ్రి జడ్జి. చదువు జ్యూరిక్, బెర్లిన్, గ్రాట్స్, వూర్ట్స్‌బర్గ్ ఇలా నాలుగు యూనివర్సిటీల్లో సాగింది. ఆ రోజుల్లో జర్మన్ విద్యార్థులు ఎక్కడ మంచి ప్రొఫెసర్ ఉంటే అక్కడికి వెళ్ళిపోయేవాళ్ళు. (మనకి బ్రాంచ్ మారడానికే ఎన్ని సంతకాలు కావాలో మీకు తెలుసు.) గ్రాట్స్‌లో బోల్ట్స్‌మన్ ఉండేవాడు. అక్కడే ఎటింగ్స్‌హౌసెన్‌తో కలిసి చేసిన ప్రయోగాల్లో, వేడి ప్రవహిస్తున్న లోహాన్ని అయస్కాంత క్షేత్రంలో పెడితే అడ్డంగా వోల్టేజ్ పుడుతుందని 1886లో కనిపెట్టాడు. 1887లో వూర్ట్స్‌బర్గ్‌లో కోల్‌రౌష్ దగ్గర డాక్టరేట్ అయిపోయింది. అక్కడి నుంచి లైప్‌జిగ్‌లో ఆస్ట్‌వాల్డ్ దగ్గర అసిస్టెంట్‌గా చేరాడు. కెమిస్ట్రీని ఫిజిక్స్ లెక్కలతో చూడడం అప్పుడే మొదలవుతోంది, లైప్‌జిగ్ దానికి పుట్టిల్లు లాంటిది.

1889లో ఆయనకి 25 ఏళ్ళు. మనం బట్టీ పట్టిన ఈక్వేషన్ అప్పటిది. సూటిగా చెప్పాలంటే విషయం ఇది: ఒకే పదార్థం ఒకవైపు ఎక్కువగా, ఇంకోవైపు తక్కువగా ఉండి, మధ్యలో అయాన్‌లని మాత్రమే పోనిచ్చే గోడ ఉంటే, ఆ తేడా వోల్టేజ్‌గా బయటపడుతుంది. తేడా పది రెట్లు పెరిగినప్పుడల్లా వోల్టేజ్ ఒకే మెట్టు పెరుగుతుంది. లాగ్ అంటే అదే. పది రెట్లు, వంద రెట్లు, వెయ్యి రెట్లు అంటే ఒకటి, రెండు, మూడు మెట్లు. ఆయన రాసింది నీళ్ళలో కరిగిన లవణాల గురించి, బ్యాటరీల గురించి. పొగ గొట్టాల ఆలోచన ఆ కాగితాల్లో ఎక్కడా లేదు.

తర్వాత గోటింగెన్. 1892లో ఎమ్మా లోమాయర్‌తో పెళ్ళి, 1893లో సైద్ధాంతిక రసాయన శాస్త్రం మీద చాలా ఎడిషన్లు వెళ్ళిన పాఠ్యపుస్తకం, 1895లో ఫిజికల్ కెమిస్ట్రీకి, ఎలక్ట్రోకెమిస్ట్రీకి సొంత ఇన్‌స్టిట్యూట్. ముగ్గురు కూతుళ్ళు, ఇద్దరు కొడుకులు. ఇదంతా ఒక పెద్ద ప్రొఫెసర్ జీవితంలో మామూలుగా ఉండేదే. అసలు కథ దీపంతో మొదలవుతుంది.

అప్పటి ఎలక్ట్రిక్ బల్బులో కార్బన్ తీగ ఉండేది. గాలి తగిలితే కాలిపోతుంది కాబట్టి బల్బులోంచి గాలి తీసేయాలి. వెలుగు తక్కువ, కరెంట్ ఖర్చు ఎక్కువ. నెర్న్‌స్ట్ వేరే దారిలో ఆలోచించాడు. అప్పటికే ఆక్సిజన్‌తో కలిసిపోయిన పదార్థాన్ని మళ్ళీ కాల్చడానికి ఏముంటుంది? అలాంటి ఆక్సైడ్‌నే తీగగా వాడితే గాలి తీయాల్సిన అవసరమే లేదు. జిర్కోనియాలో కొంచెం ఇట్రియా కలిపి చిన్న కడ్డీ చేశాడు. సుమారుగా నూటికి 85 పాళ్ళు జిర్కోనియా, 15 పాళ్ళు ఇట్రియా. మామూలుగా చూస్తే ఇది పింగాణీ జాతి, కరెంటుని అస్సలు పోనివ్వదు. కానీ బాగా వేడెక్కిందంటే పోనిస్తుంది. కళ్ళు చెదిరే తెల్లటి వెలుగు వస్తుంది. కార్బన్ బల్బుతో పోలిస్తే అదే కరెంటుకి దాదాపు రెట్టింపు వెలుగు.

చిక్కల్లా ఆ మొదటి వేడి దగ్గరే. స్విచ్ వేస్తే దీపం వెలగదు. ముందు దాన్ని వేడి చేయాలి. తొలి దీపాల్ని స్పిరిట్ దీపంతోనో అగ్గిపుల్లతోనో వెచ్చబెట్టి, తర్వాత కరెంట్ ఇచ్చేవాళ్ళు. ఎలక్ట్రిక్ దీపానికి అగ్గిపుల్ల! ఆ తర్వాత కడ్డీ పక్కనే చిన్న హీటర్ తీగ పెట్టారు, అయినా స్విచ్ వేశాక కాసేపు ఆగాల్సిందే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి రావాలి.

1897లో పేటెంట్ తీసుకున్నాడు. ఏఈజీ కంపెనీకి పది లక్షల మార్కులకి అమ్మాడు. రాయల్టీలు, లాభంలో వాటా లాంటి ఆశలు పెట్టుకోకుండా ఒకేసారి మొత్తం డబ్బు తీసుకోవడం తెలివైన పనని తర్వాత తేలింది. ఎందుకంటే పదేళ్ళు తిరక్కుండానే టంగ్‌స్టన్ తీగ బల్బులొచ్చి ఆ దీపాన్ని మూలన పెట్టేశాయి. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో వెలిగింది, అమెరికాలో వెస్టింగ్‌హౌస్ వాళ్ళు తయారుచేశారు, అంతటితో ఇళ్ళల్లోంచి పోయింది. ల్యాబుల్లో మాత్రం ఇన్‌ఫ్రారెడ్ వెలుగు కోసం ఆ కడ్డీని చాలా ఏళ్ళు వాడారు.

ఆ కడ్డీలో కరెంట్ ఎలా పోతోంది అన్న ప్రశ్న కూడా ఆయన వదల్లేదు. లోహపు తీగలో అయితే ఎలక్ట్రాన్‌లు పోతాయి. ఇక్కడ అది కాదు, ఉప్పునీళ్ళలో లాగా అయాన్‌లే గట్టి పదార్థంలో కదులుతున్నాయని 1899లో రాశాడు. ఘనపదార్థంలో అయాన్‌లు నడవడమేంటని మనకి ఇప్పటికీ వింతగానే ఉంటుంది. అంటే 35 ఏళ్ళ వయసుకి ఆయన దగ్గర అయాన్ గోడకి రెండు పక్కల తేడాని వోల్టేజ్‌గా మార్చే లెక్కా ఉంది, ఆక్సిజన్ అయాన్‌ల కోసం అలాంటి గోడా ఉంది. ఒకటి పుస్తకంలో, ఒకటి దీపంలో.

ఇక కార్లు. మొదటిది 1898లో కొన్నాడు. జర్మనీలో కారు అన్నదే పదేళ్ళ పిల్ల అప్పటికి. రోడ్లు గుర్రబ్బండ్లవి. ఇంజిన్ల బలం ఎంతంటే, ఇప్పటి మన స్కూటీతో పోల్చినా తక్కువే అనిపించేంత. చదును నేల మీద సరే, ఎత్తు వచ్చేసరికి బండి ఆయాసపడేది. ప్రొఫెసర్ గారు కెమిస్ట్ కదా, కెమిస్ట్ లాగే పరిష్కారం వెతికాడు. కారులో నైట్రస్ ఆక్సైడ్ సిలిండర్ ఒకటి పెట్టుకుని, అవసరమైనప్పుడు ఆ గ్యాస్‌ని కార్బ్యురేటర్‌లోకి వదిలేవాడు. పళ్ళ డాక్టర్లు మత్తుకి వాడే గ్యాస్ అది, నవ్వించే వాయువు అంటారు. సినిమాల్లో హీరో ఎర్ర బటన్ నొక్కితే కారు ఎగిరిపోయే నైట్రో ఉంది చూశారూ, అదే.

ఇది ఎందుకు పని చేస్తుందో, ఎందుకు ప్రమాదమో ఇక్కడే చెప్పుకోవాలి. ఇంజిన్‌లో పెట్రోల్ మండడానికి ఆక్సిజన్ కావాలి. ఒక కిలో పెట్రోల్ పూర్తిగా, ఏమీ మిగలకుండా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. లీటర్లలో చెబితే, ఒక లీటర్ పెట్రోల్‌కి దాదాపు 9 వేల లీటర్ల గాలి. పెట్రోల్ పోయడం సమస్య కాదు, అంత గాలిని సిలిండర్‌లోకి దూర్చడమే సమస్య. టర్బోలు, సూపర్‌ఛార్జర్‌లు వచ్చింది అందుకే. గాలి బరువులో ఆక్సిజన్ 23 శాతం ఉంటే, నైట్రస్ ఆక్సైడ్‌లో 36 శాతం. సిలిండర్ వేడికి అది విడిపోయి ఆక్సిజన్‌ని ఇస్తుంది. ఎక్కువ ఆక్సిజన్ అంటే ఎక్కువ పెట్రోల్ కాల్చొచ్చు, ఎక్కువ పవర్.

కాల్చొచ్చు అన్నాను కదా, అక్కడే ఉంది మెలిక. ఆక్సిజన్ పెంచి, దానికి తగ్గట్టు పెట్రోల్ పెంచకపోతే మిశ్రమం పలచబడుతుంది. మెకానిక్ అన్నల భాషలో లీన్ అవుతుంది. పెట్రోల్ ఎక్కువైతే రిచ్. రిచ్ అయితే నల్ల పొగ, మైలేజ్ పోవడం, ప్లగ్ మసిబారడం, ఇంకా ఎక్కువైతే ఇంజిన్ ముక్కడం, అంతే. లోడ్ మీద ఉన్న ఇంజిన్ లీన్ అయితే అలా కాదు. లోపల వేడి పెరుగుతుంది, మంట తన వంతు రాకముందే మూలల్లో మిశ్రమం పేలుతుంది, దాన్నే నాకింగ్ అంటారు. సుత్తితో కొట్టినట్టు చప్పుడు. అలా కొనసాగితే ప్లగ్ కొసలు కాలిపోతాయి, వాల్వులు కాలతాయి, పిస్టన్‌కి చిల్లు పడుతుంది. నైట్రస్ వేసినప్పుడు ఇది జరగడానికి కొన్ని సెకన్లు చాలు. అందుకే ట్యూనింగ్ చేసేవాళ్ళు ఫుల్ త్రాటిల్‌లో 14.7 దగ్గర ఉంచరు. మామూలు ఇంజిన్ అయితే 12.5 నుంచి 13, టర్బో ఉంటే 11.5 నుంచి 12, ఇలా ఇంజిన్‌ని బట్టి కావాలనే రిచ్‌గా పెడతారు. మిగిలిన పెట్రోల్ కొంత చల్లబరుస్తుంది కూడా.

మరి 1900 ప్రాంతంలో గోటింగెన్ రోడ్ల మీద నెర్న్‌స్ట్‌కి తన మిశ్రమం ఎలా ఉందో తెలిసే దారి ఏది? పొగ గొట్టంలో గ్యాస్‌ని సీసాలో పట్టుకుని ల్యాబ్‌లో విశ్లేషించడం అప్పటి కెమిస్ట్‌లకి వచ్చు. నడుస్తున్న కారులో, ఎత్తు మధ్యలో, చేయి వాల్వ్ మీద ఉండగా అది కుదరదు. చప్పుడు వినాలి, పొగ రంగు చూడాలి, కారు ఆపి ప్లగ్ విప్పి చూసుకోవాలి. తెల్లగా ఉంటే లీన్, నల్లగా మసి ఉంటే రిచ్, లేత బిస్కెట్ రంగులో ఉంటే బాగున్నట్టు. ఈ విద్య ఇప్పటికీ మన ఊళ్ళల్లో బతికే ఉంది, పాత కార్బ్యురేటర్ బళ్ళని ప్లగ్ రంగు చూసి సెట్ చేసే అన్నలు ఉన్నారు. కానీ ప్లగ్ చెప్పేది అయిపోయిన సంగతి. పిస్టన్‌కి చిల్లు పడ్డాక ప్లగ్ కూడా నిజమే చెబుతుంది, ఏం లాభం.

1905లో బెర్లిన్ యూనివర్సిటీకి మారాడు. ఆ ఏడాది చివర్లో ఆయన ప్రకటించిన ఉష్ణ సిద్ధాంతాన్ని మనం థర్మోడైనమిక్స్ మూడో నియమం అని చదువుతాం. పరమశూన్య ఉష్ణోగ్రతకి దగ్గరవుతున్న కొద్దీ ఎంట్రపీలో మార్పు మాయమవుతుందని సారాంశం. ఇది ఏదో మంచుగడ్డ లెక్కలా అనిపిస్తుంది గానీ, ఆయనకి కావాల్సింది వేరే. ఫ్యాక్టరీలో ఒక రసాయన చర్య ఎంతవరకు జరుగుతుందో, ప్రయోగం చేయకుండా వేడి కొలతల నుంచే లెక్క కట్టగలగాలి. దీనికే ఆయనకి 1920 నోబెల్ బహుమతి వచ్చింది. మొదటి నియమానికి ముగ్గురు, రెండో దానికి ఇద్దరు, మూడో దానికి తనొక్కడే కాబట్టి నాలుగో నియమం ఇక ఉండదని క్లాసులో చెప్పుకునేవాడట. వినయం ఆయన సబ్జెక్టు కాదు. అమోనియా లెక్కల మీద ఫ్రిట్జ్ హేబర్‌తో అందరి ముందూ గొడవ పెట్టుకున్నాడు కూడా.

కానీ ఇంకొకరి గొప్పతనం కనిపెట్టడంలో మాత్రం ఆయన కన్ను తప్పలేదు. 1911లో బ్రస్సెల్స్‌లో జరిగిన మొదటి సాల్వే సమావేశం వెనక ఉన్నది ఈయనే. క్వాంటం సిద్ధాంతాన్ని చాలామంది ఇంకా అనుమానంగా చూస్తున్న రోజులవి. 1913లో ప్లాంక్‌తో కలిసి జ్యూరిక్ వెళ్ళి ఐన్‌స్టైన్‌ని బెర్లిన్‌కి ఒప్పించింది కూడా ఈయనే.

1914లో యుద్ధం వచ్చింది. 50 ఏళ్ళ ప్రొఫెసర్ ఏం చేస్తాడు? ఇంట్లో కూర్చోలేదు. డ్రైవింగ్ వచ్చు కదా అని స్వచ్ఛంద డ్రైవర్ల దళంలో చేరిపోయాడు. సెల్యూట్ చేయడం, కవాతు నడవడం ఇంటి ముందు భార్య చూస్తుండగా ప్రాక్టీస్ చేశాడట. ఫ్రాన్స్‌లో ముందుకి దూసుకెళ్తున్న సైన్యానికి కాగితాలు మోశాడు. ఇక్కడిదాకా చదివితే నవ్వొస్తుంది. ఆ తర్వాతది నవ్వే విషయం కాదు. జర్మనీ చేసింది సరైనదేనని 93 మంది మేధావులు విడుదల చేసిన ప్రకటన మీద సంతకం పెట్టాడు. కళ్ళూ ముక్కూ మండించే పొడి నింపిన గుండ్ల తయారీలో సైన్యానికి సలహాలిచ్చాడు. 1914 అక్టోబర్‌లో నవ్ షపెల్ దగ్గర వాటిని పేల్చారు. ఆ చుట్టుపక్కల అప్పుడు భారత సైనికులు కూడా పోరాడుతున్నారు. ఎదుటివాళ్ళు ఆ పొడిని గమనించనే లేదంటారు, అంత బలహీనంగా ఉందట. అయినా ఆ దారిలో వేసిన తొలి అడుగుల్లో ఆయనదీ ఒకటి, దాన్ని దాచి ఆయన జీవితం చెప్పలేం. ఆ యుద్ధంలోనే ఇద్దరు కొడుకులూ చనిపోయారు. ఇద్దరూ.

యుద్ధం చివర్లో, 1918లో, మళ్ళీ ఒక మంచి కెమిస్ట్రీ ముక్క. హైడ్రోజన్, క్లోరిన్ కలిపిన సీసా మీద వెలుగు పడితే ఎందుకు అంత పెద్ద పేలుడు వస్తుందో వివరించాడు. ఒక అణువు విరిగితే ఆ ముక్క ఇంకోదాన్ని, అది మరోదాన్ని, ఇలా గొలుసులా సాగుతుంది. మన సిలిండర్‌లో పెట్రోల్ మండేది కూడా గొలుసు చర్యల వల్లే, నాకింగ్‌ని అర్థం చేసుకున్నది కూడా ఆ దారిలోనే. కొంతకాలం జర్మనీ ప్రామాణిక కొలతల సంస్థకి అధ్యక్షుడిగా చేశాడు. 1930 ప్రాంతంలో బెఖ్‌స్టైన్, సీమెన్స్ కంపెనీలతో కలిసి ఒక ఎలక్ట్రిక్ పియానో చేశాడు, సంగీతం వాళ్ళకి అది నచ్చలేదు.

1933లో హిట్లర్ వచ్చాడు, ఆ ఏడే నెర్న్‌స్ట్ రిటైరయ్యాడు. ముగ్గురు కూతుళ్ళలో ఇద్దరి భర్తలు యూదులు. ఆ రెండు కుటుంబాలూ దేశం వదిలి వెళ్ళాల్సి వచ్చింది, ఒకటి ఇంగ్లండ్‌కి, ఇంకొకటి బ్రెజిల్‌కి. తను బెర్లిన్‌కి పట్టుబట్టి రప్పించిన ఐన్‌స్టైన్ అప్పటికే వెళ్ళిపోయాడు. దేశభక్తితో ప్రకటన మీద సంతకం పెట్టిన మనిషికి, యుద్ధంలో ఇద్దరు కొడుకుల్ని ఇచ్చిన మనిషికి, ఆ దేశంలో పిల్లలంటూ దగ్గర మిగిలింది ఒక్క కూతురే. సిబెల్లేలో ఉన్న తన ఎస్టేట్‌కి చేరి చేపలు పెంచుకున్నాడు. ఆవులు ఎందుకు మానేశాడన్న దానికి ఒక కథ ఉంది. చలికాలంలో కొట్టంలోకి వెళ్తే వెచ్చగా ఉందట. ఏ పొయ్యీ లేదు, ఆవుల ఒంటి వేడి. అంటే తను కొన్న మేత ఆవరణాన్ని వేడి చేయడానికి పోతోంది. చేపల రక్తం చల్లన, నీటి వేడితోనే సరిపెట్టుకుంటాయి, మేత వృథా కాదు. అందుకని ఆవుల్ని అమ్మేశాడట. థర్మోడైనమిక్స్ అంతగా ఒంటబట్టిన మనిషి గురించి ఎవరో కల్పించి చెప్పినా నమ్మేస్తాం.

1941 నవంబర్ 18న అక్కడే పోయాడు. అమెరికాలో ఉన్న ఐన్‌స్టైన్ మరుసటి ఏడాది ఆయన గురించి ఆప్యాయంగా ఒక వ్యాసం రాశాడు, గొప్పలు చెప్పుకునే అలవాటుని కూడా వదలకుండా. నెర్న్‌స్ట్ సమాధి ఇప్పుడు గోటింగెన్‌లో, మాక్స్ ప్లాంక్ సమాధి ఉన్న శ్మశానంలోనే ఉంది.

ఆ కడ్డీ సంగతి చెప్పాలి. 1943లో కార్ల్ వాగ్నర్ అనే జర్మన్ కెమిస్ట్ ఆ నెర్న్‌స్ట్ మిశ్రమంలో కరెంట్ ఎలా పోతుందో తేల్చాడు. జిర్కోనియా స్ఫటికంలోకి ఇట్రియా చేరితే కొన్ని చోట్ల ఆక్సిజన్ ఉండాల్సిన కుర్చీలు ఖాళీగా మిగిలిపోతాయి. వేడెక్కినప్పుడు ఆక్సిజన్ అయాన్‌లు ఒక ఖాళీ కుర్చీలోంచి ఇంకోదానిలోకి దూకుతూ వెళ్తాయి. మ్యూజికల్ చైర్స్ ఆట లాగా. అంటే ఆ కడ్డీ ఆక్సిజన్‌కి మాత్రమే తలుపు తీసే గోడ. 1957లో వాగ్నరే ఇలాంటి ఘన ఎలక్ట్రోలైట్‌లతో సెల్ తయారుచేసి కొలతలు తీయొచ్చని సహచరుడితో కలిసి చూపించాడు. 1961లో వెస్టింగ్‌హౌస్ శాస్త్రవేత్తలు జిర్కోనియాతో ఆక్సిజన్ గేజ్ ప్రకటించారు. అవును, ఒకప్పుడు ఆ దీపం తయారుచేసిన వెస్టింగ్‌హౌసే.

కార్లలోకి తెచ్చింది బాష్ కంపెనీ. అమెరికాలో పొగ మీద నియమాలు కఠినం కావడంతో మూడు రకాల విషాల్నీ ఒకేసారి పట్టే కెటలిటిక్ కన్వర్టర్ వచ్చింది. అది పని చేయాలంటే మిశ్రమం 14.7 దగ్గర, ఇంచుమించు ఒక శాతం తేడాలోనే ఉండాలి. అంత ఖచ్చితంగా ఉంచాలంటే కారులోనే కొలిచేది ఒకటి కావాలి. 1976లో వోల్వో 240 కార్లతో లాంబ్డా సెన్సార్ మార్కెట్‌లోకి వచ్చింది. నైట్రస్ సిలిండర్ పెట్టుకుని తిరిగిన ప్రొఫెసర్ పోయి అప్పటికి 35 ఏళ్ళు.

సెన్సార్ లోపల జిర్కోనియా వేలి తొడుగు లాంటిది ఉంటుంది. బయట పొగ, లోపల మామూలు గాలి. రెండు పక్కలా ఆక్సిజన్ తేడా ఎంతో అంత వోల్టేజ్. సుమారు 730 డిగ్రీల సెల్సియస్‌లో, పొగలో ఆక్సిజన్ పది రెట్లు తగ్గినప్పుడల్లా 50 మిల్లీవోల్టులు పెరుగుతుంది. ఇక్కడ ఎన్ విలువ 4, ఒక ఆక్సిజన్ అణువుకి నాలుగు ఎలక్ట్రాన్‌లు కాబట్టి. ఎంసెట్ బిట్ లాగే ఉంది కదా. లీన్‌గా ఉన్నప్పుడు పొగలో ఒక శాతమో రెండు శాతమో ఆక్సిజన్ మిగులుతుంది, వోల్టేజ్ 0.1 దాటదు. 14.7 దాటి కాస్త రిచ్ అయిందంటే మిగిలిన కొంచెం ఆక్సిజన్‌నీ ఇంధనం మింగేస్తుంది. అది పది రెట్లు కాదు, పదికి పదిహేను పదహారు సార్లు పది రెట్లుగా పడిపోతుంది. వోల్టేజ్ ఒక్కసారిగా 0.8, 0.9కి లేస్తుంది.

కన్వర్టర్‌కి ఇది చాలు. ట్యూనింగ్‌కి చాలదు. ఈ సెన్సార్ 14.7కి అటా ఇటా అని చెబుతుంది తప్ప ఎంత అటు, ఎంత ఇటు అని చెప్పలేదు. దీనికి రంగు లైట్ల గేజ్ తగిలించుకుని ఇంజిన్ ట్యూన్ చేశామనుకున్న వాళ్ళు ఒకప్పుడు చాలామంది. 12.5 ఉందా 13.5 ఉందా అన్నది ఆ లైట్లకి తెలీదు, పిస్టన్‌కి తెలుసు.

దానికి మందు వైడ్‌బ్యాండ్ సెన్సార్. నాకైతే ఇందులో ఉన్న ఐడియా చాలా నచ్చింది, ఎందుకంటే ఇది పక్కా ఫీడ్‌బ్యాక్ లూప్. చిన్న గదిలోకి సన్నని రంధ్రాల గుండా పొగ వస్తుంది. ఆ గదికి ఒక గోడ నెర్న్‌స్ట్ సెల్, ఇంకో గోడ కూడా జిర్కోనియానే, కానీ అది పంపు. నెర్న్‌స్ట్ సెల్ వోల్టేజ్ ఎప్పుడూ 0.45 దగ్గరే ఉండేలా కంట్రోలర్ ఆ పంపుకి కరెంట్ ఇస్తుంది. లీన్ అయితే ఆక్సిజన్‌ని బయటికి తోడుతుంది, రిచ్ అయితే లోపలికి నెడుతుంది. ఎంత కరెంట్ పట్టిందో అదే జవాబు. వోల్టేజ్‌ని కొలవకుండా, దాన్ని ఒకచోట కట్టేసి, కట్టేయడానికి పడ్డ కష్టాన్ని కొలుస్తారన్నమాట. అప్పుడు గేజ్ మీద 12.3 అంటే 12.3.

ఆ అంకెని కూడా గుడ్డిగా నమ్మకూడదు. సెన్సార్‌కి తెలిసింది పెట్రోల్ కాదు, ఆక్సిజన్ మాత్రమే. సరిపడా ఉందా లేదా అన్న దాన్ని, అంటే లాంబ్డాని చూసి, గేజ్ దాన్ని 14.7తో గుణించి చూపిస్తుంది. ఇప్పుడు మన బంకుల్లో పోస్తున్న ఈ20కి అసలు లెక్క 13.5 దగ్గర ఉంటుంది, అయినా మిశ్రమం సరిగ్గా ఉన్నప్పుడు గేజ్ 14.7 అనే అంటుంది. అందుకే తెలిసినవాళ్ళు గేజ్‌ని లాంబ్డాలో పెట్టుకుని చదువుతారు. సెన్సార్‌కి ముందు గొట్టంలో చిన్న లీక్ ఉంటే బయటి గాలి దూరి, బాగున్న ఇంజిన్‌ని లీన్ అంటుంది. సిలిండర్ మిస్‌ఫైర్ అయితే మండని ఆక్సిజన్ అలాగే బయటికొస్తుంది కాబట్టి, రిచ్ ఎక్కువై ముక్కుతున్న ఇంజిన్‌ని కూడా లీన్ అంటుంది. అది నమ్మి ఇంకా పెట్రోల్ పెంచితే ప్లగ్ పూర్తిగా మసిబారుతుంది. అప్పుడు చెవిని, ప్లగ్ రంగుని కూడా అడగాలి.

ఇంకొక్క సంగతి. తాళం తిప్పగానే ఈ గేజ్ ఏమీ చెప్పదు. సిరామిక్ చల్లగా ఉంటే అయాన్‌లు కదలవు. సెన్సార్ లోపల చిన్న హీటర్ ఉంటుంది, అది వేడెక్కేదాకా కొన్ని సెకన్లు ఆగాలి.